ఆకాశములో ఊరు

10,000 మంది ఆకాశములో కాపురముండాలంటే ముందు ఏమి కావాలి? రాకెట్టు అనుకున్నాము మేము. కాదు, నీళ్లు!

1994లో అమెరికాలోని నాసా ఎయిమ్స్ కేంద్రము బడిపిల్లలకు ఇటువంటి ఊళ్లు రూపొందించే పోటీ పెట్టింది. మన దేశపు పిల్లలు ఎందరో పాల్గొన్నారు. 1975లో శాస్త్రజ్ఞులు గీసిన ‘స్టాన్‌ఫర్డ్ టోరస్’ అనే ఊరు బండిచక్రము వంటిది. అడ్డుకొలత సుమారు 1.8 కిలోమీటర్లు. నిమిషానికొకసారి తిరిగితే అంచున ఉన్నవారి కాళ్లు నేలమీద నిలుస్తాయి. నీళ్లచెంబును గిరగిర తిప్పితే చుక్క ఒలకదు గదా, అదే సూత్రము. అక్కడ వాడిన నీటినే శుద్ధిచేసి మరల వాడుకోవాలి.

బావినుండి బిందె మోసే పిల్లకు ఈ లెక్క పట్నపు పిల్లలకంటె బాగా తెలుసునని మా నమ్మకము. మీ అమ్మాయి నోటుబుక్కు అట్టమీద చక్రాలు గీస్తుంటే కసరకండి. అందులో పొలము ఎక్కడ పెట్టిందో అడగండి.