చిరువేరు ఎరుపు: అణువు ఆకృతితో అన్వేషణ

మచిలీపట్నం, పెడన కలంకారీ వస్త్రాల ఎరుపు ఒకప్పుడు కోస్తా ఇసుక నేలల్లో పెరిగే చిరువేరు నుంచి వచ్చేది. కరక్కాయ కషాయం పట్టించి, పటికతో అచ్చు వేసిన బట్టను ఆ వేరుతో కలిపి ఉడికిస్తే పటిక తగిలిన చోట ఎరుపు నిలిచేది. ఆ రంగుకు మూలం అలిజరిన్ అనే పదార్థం. జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్మన్ 1868లో బొగ్గు తారు నుంచి లభించే ఆంథ్రసీన్‌తో దీనిని తయారు చేసి చూపాక, కర్మాగారపు అలిజరిన్ క్రమంగా వేరు స్థానాన్ని ఆక్రమించింది.

ఈ పదార్థం వివరాలను రసాయన సమాచార నిధిలో వెతకాలంటే పేరు అంతగా అక్కరకు రాదు, ఎందుకంటే ఒకే పదార్థానికి శాస్త్రీయ నామం, వ్యాపార నామం, రంగుల పట్టికలోని సంఖ్య వేర్వేరుగా ఉంటాయి. అణుసూత్రం కూడా చాలదు. 14 కార్బన్, 8 హైడ్రోజన్, 4 ఆక్సిజన్ పరమాణువులే అలిజరిన్ అయినా, మూడు వలయాల ఆంథ్రక్వినోన్ చట్రంపై రెండు హైడ్రాక్సిల్ సమూహాలను (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలను) పది రకాలుగా అమర్చవచ్చు, ఆ పదింటికీ సూత్రం ఒక్కటే. అవి 1, 2 స్థానాల్లో ఉంటే అలిజరిన్. 1, 8 స్థానాల్లో ఉంటే ఒకప్పుడు విరేచనాల మందుగా వాడి, క్యాన్సర్ భయంతో అనేక దేశాలు పక్కన పెట్టిన డాంత్రాన్.

అందుకే అణువును ఆకృతితోనే వెతుకుతారు. కంప్యూటర్ ప్రతి పరమాణువును ఒక బిందువుగా, ప్రతి బంధాన్ని ఆ బిందువులను కలిపే గీతగా గ్రహిస్తుంది. బొమ్మను ఎవరు ఏ మూల నుంచి గీయడం మొదలుపెట్టినా ఒకే సంకేతం రావాలి కనుక, పరమాణువులకు వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతిని 1965లో హ్యారీ మోర్గన్ రూపొందించాడు. అణువును ఒక్క వరుస అక్షరాల్లో రాసే స్మైల్స్ లిపిని 1980లలో డేవిడ్ వైనింగర్ రూపొందించాడు. 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ ప్రారంభించిన పబ్‌కెమ్‌లో నేడు 10 కోట్లకు మించిన పదార్థాలున్నా, ఎవరైనా ఉచితంగా బొమ్మ గీసి వెతకవచ్చు.

అసలు ఆసక్తికరమైనది చట్రాన్ని మాత్రమే ఇచ్చి, అది ఇమిడి ఉన్న అణువులన్నిటినీ రప్పించడం. కోట్ల అణువులను పరమాణువు పరమాణువుగా పోల్చడం ఆలస్యమవుతుంది కనుక, ఏ ముక్కలు ఉన్నాయో, ఏవి లేవో ముందే గుర్తించి ఉంచిన పట్టికలతో సరిపడని వాటిని తొలుత జల్లించి, మిగిలిన వాటిపైనే ఆ కఠిన పరీక్ష జరుపుతారు. ఆంథ్రక్వినోన్ చట్రం ఇస్తే అలిజరిన్ పక్కనే కలబందలోని అలో ఎమోడిన్, క్యాన్సర్ చికిత్సలో వాడే డాక్సోరుబిసిన్ కూడా వరుసలో నిలుస్తాయి. అద్దకశాలకూ ఆసుపత్రికీ ఉన్న ఈ చుట్టరికం పేర్లను బట్టి ఎన్నటికీ తెలియదు.

అయితే ఆకృతికి పుట్టిన చోటు తెలియదు. వేరు నుంచి తీసిన అలిజరిన్‌కూ, కర్మాగారంలో తయారైనదానికీ నిధిలో నమోదు ఒక్కటే. ఒక పాత వస్త్రానికి ఏ రంగు వేశారో తేల్చాలంటే అలిజరిన్‌తో పాటు స్వల్పంగా ఉన్న ఇతర పదార్థాలను ప్రయోగశాలలో వేరుచేసి చూడాలి. అలిజరిన్ ఉందన్న నివేదిక ఒక్కటే ఆ బట్టకు చిరువేరు రంగు వేశారని నిరూపించదు.