గోడకు నెమ్ము, బిడ్డకు నెమ్ము

కిందటి వర్షాకాలంలో ఒక శనివారం, ఓ.పి. ముగిసే వేళకు ఒక తల్లి తన ఆరేళ్ల బాబును తీసుకొని మా పిల్లల విభాగానికి వచ్చారు. బాబుకు ఆయాసం, రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. రెండు నెలల్లో ఇది మూడోసారి. నెబ్యులైజర్ పెట్టించి, బాబు కాస్త కుదుటపడ్డాక ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టాను. ఉబ్బసం ఉన్న పిల్లల విషయంలో మేము తప్పక అడిగే ప్రశ్నలే అవి. ఇంట్లో పొగ తాగేవారున్నారా, కట్టెల పొయ్యి ఉందా, కుక్కలు పిల్లులు ఉన్నాయా, గోడలకు నెమ్ము ఉందా?

చివరి ప్రశ్నకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచిలో నుండి ఇంకొక ఫైలు తీసి బల్ల మీద పెట్టారు. అది ఆస్పత్రి ఫైలు కాదు, ఇంటి ఫైలు.

ఏప్రిల్ నెలలో వారు మూడేళ్ల క్రితం కట్టిన అపార్టుమెంటులో ఒక ఫ్లాటును రెండో చేతిగా కొన్నారు. ఇరవై ఏళ్ల బ్యాంకు అప్పు. సంఘంలో ఎవరో సలహా ఇస్తే, కొనేముందు ఇంటిని తనిఖీ చేసే సంస్థకు డబ్బు కట్టి చూపించుకున్నారు. ఇద్దరు మనుషులు పరికరాలతో వచ్చి, మూడు గంటలు అన్ని గదులూ తిరిగి, రంగుల ఫోటోలతో నలభై పేజీల రిపోర్టు ఇచ్చారు. జూన్‌లో గృహ ప్రతిష్ఠ ప్రార్థన జరిపించుకొని ఇంట్లో చేరారు. జూలై చివరలో బాబు గదిలోని అల్మారా వెనుక నుండి వాసన మొదలైంది. జరిపి చూస్తే గోడంతా నల్లటి బూజు.

"డాక్టరుగారూ, తలుపు గడియ వదులుగా ఉందని రాశారు. వంటగదిలో ఒక టైలు పగిలిందని ఫోటో తీసి మరీ రాశారు. నా బిడ్డ పడుకునే గోడలోకి నీళ్లు దిగుతున్నాయని మాత్రం రాయలేదు. ఇక ఎందుకండీ ఆ రిపోర్టు?" అన్నారామె.

మన తెలుగులో గోడకు పట్టే చెమ్మనూ నెమ్మే అంటాం, పిల్లల ఛాతీకి పట్టేదాన్నీ నెమ్మే అంటాం. వైద్యశాస్త్రంలో ఇవి రెండు వేరువేరు సంగతులు. అయినా మన పెద్దలు రెంటికీ ఒకే మాట వాడటం ఊరికే కాదేమోనని ఆ రోజు నాకనిపించింది.

రిపోర్టులో ఏముంది?

ఆమె అనుమతితో ఆ రిపోర్టు ఇంటికి తీసుకెళ్లి చదివాను. బాబు గది పేరు కింద "తేమ కనిపించలేదు" అని ఉంది. చివరి పేజీలో చిన్న అక్షరాలతో, ఈ తనిఖీ ఆ రోజున కంటికి కనిపించిన, చేతికి అందిన భాగాలకు మాత్రమే వర్తిస్తుందని, గోడ లోపల, టైల్స్ కింద, సామాను వెనుక ఉన్నవాటికి బాధ్యత లేదని ఉంది.

చెప్పాలంటే ఆ రిపోర్టులో అబద్ధం లేదు. ఆ ఫ్లాటు అంతకుముందు కొన్ని నెలలుగా ఖాళీగా ఉంది. బాత్రూమ్‌లో చుక్క నీరు వాడినవారు లేరు. పైగా ఏప్రిల్ ఎండలు. అమ్మేవారు గోడలకు లప్పం పెట్టించి కొత్త రంగు వేయించారు. అల్మారా గోడకు బిగించి ఉంది. ఇక పరికరాల సంగతి. తేమ మీటరు గోడ పైపొరలో ఉన్న చెమ్మనే ప్రధానంగా చెబుతుంది. థర్మల్ కెమెరా నీటిని చూడదు, వేడి తేడాను చూస్తుంది. తడి ఆరేటప్పుడు గోడ చల్లబడుతుంది కాబట్టి ఆ తేడా కనిపిస్తుంది. నీరే లేని రోజున చూపడానికి దానికేమీ ఉండదు. కుటుంబం చేరి రోజూ స్నానాలు మొదలయ్యాక, నేల మీది నీరు పోయే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న సందులోంచి కొద్దికొద్దిగా నీరు దిగి పక్క గోడను తడిపింది.

ఇక్కడ ఒక మాట రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఇదే ఫిర్యాదు మా మీద కూడా వస్తుంది. "పోయిన నెలలో అన్ని పరీక్షలూ చేసి నార్మల్ అన్నారు, ఇప్పుడు జబ్బుందంటున్నారు" అని అడిగిన బంధువుల ముందు నేనూ నిలబడ్డాను. ఆ రోజు ఇ.సి.జి. బాగుందంటే గుండె రక్తనాళాల్లో అడ్డు లేదని అర్థం కాదు. ఈ సంగతి మాకు తెలుసు. రోగికి చెప్పామా అన్నదే ప్రశ్న. ఓ.పి. రద్దీలో చాలాసార్లు చెప్పం.

అందుకే ఆ తనిఖీదారులను పూర్తిగా తప్పుపట్టలేను, పూర్తిగా విడిచిపెట్టనూ లేను. ఇల్లు ఖాళీగా ఉందని వారికి తెలుసు. "తేమ కనిపించలేదు" అని రాసిన చోటనే "నీటి వాడకం లేదు గనుక బాత్రూమ్ పక్క గోడ గురించి ఇప్పుడు చెప్పలేము, నీళ్లు నిలిపి పరీక్షించండి" అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం మొదటి పేజీలో ఉండవలసింది, నలభయ్యో పేజీలో కాదు.

యాజకుడు చేసిన తనిఖీ

ఇంటి తనిఖీ ఈ కాలపు నాగరికత అనుకుంటాం. లేవీయకాండము 14వ అధ్యాయము చివరి భాగము తీసి చూడండి. గోడలో పచ్చని లేక ఎర్రని పల్లపు చారలు కనిపిస్తే ఇంటి యజమాని తానే వెళ్లి యాజకునికి చెప్పాలి. యాజకుడు రాకముందే సామానంతా బయట పెట్టాలి. అతడు చూసి, ఒక్కసారికే తీర్పు చెప్పడు. ఇంటిని 7 రోజులు మూయించి, ఏడవ దినమున మళ్లీ వచ్చి చూస్తాడు. మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీయించి, లోపలి గోడలు గీయించి, కొత్త రాళ్లు, కొత్త అడుసు పెట్టించాలి. ఆ తరువాత కూడా తిరిగి వస్తే ఇల్లే పడగొట్టాలి.

ఆ భాగంలో మన బైబిలు కుష్ఠు అన్న మాట వాడింది. హెబ్రీ భాషలో చర్మానికి, బట్టకు, గోడకు పట్టే మచ్చలన్నిటికీ ఒకే పదం ఉంది. అంతేగాని మనకు తెలిసిన కుష్ఠువ్యాధి గోడల నుండి రాదు, గోడలకు పట్టదు. దీన్ని ఎవరూ పొరపాటు పడకూడదని రాస్తున్నాను.

సామాను బయట పెట్టించడం, వారం ఆగి రెండోసారి రావడం. ఆ తల్లి కొనుక్కున్న తనిఖీలో లేనివి ఈ రెండే.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి

మన సంఘ కుటుంబాల పిల్లలు చాలామంది అమెరికాలో ఇళ్లు కొంటున్నారు. అక్కడ కొనేముందు తనిఖీ చేయించుకోవడం మామూలు ఆచారం. టెక్సాస్‌లో ఆ పని చేయడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. మన రాష్ట్రాల్లో ప్రత్యేకంగా అలాంటి లైసెన్సు లేదు. కాని లైసెన్సు ఉన్నచోట కూడా ఫిర్యాదులు ఇవే. మామూలు తనిఖీలో బూజు గాని, నేలలో నుండి ఇంట్లోకి వచ్చే రేడాన్ వాయువు గాని చేరి ఉండవు. వాటికి వేరే పరీక్ష, వేరే రుసుము. రేడాన్ ఊపిరితిత్తుల క్యాన్సరు కారణాల్లో ఒకటి కాబట్టి ఆ పరీక్ష అడిగి చేయించుకోమని మీ పిల్లలకు చెప్పండి. పొరపాటు జరిగితే తాము కట్టించుకున్న రుసుము వరకే బాధ్యత అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సంతకానికి ముందు అది చదవాలి.

నెమ్ము ఏమి చేస్తుంది?

బూజు విడుదల చేసే సూక్ష్మ బీజాలు కంటికి కనిపించవు, గాలిలో తేలుతాయి. అవి పడనివారిలో శ్వాసనాళాలు వాచి ఇరుకవుతాయి. చెమ్మ ఉన్నచోట పరుపుల్లో దుమ్ము పురుగులు కూడా పెరుగుతాయి. నెమ్ము ఉన్న ఇళ్లలో నివసించేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే ప్రతి దగ్గునూ గోడ మీదికి నెట్టకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు, ముఖ్యంగా జ్వరం, బరువు తగ్గడం ఉంటే, ముందు క్షయ పరీక్ష చేయించాలి.

బూజు మీద రంగు వేస్తే పోదు, కొన్ని వారాలకు రంగునే నెట్టుకొని బయటికి వస్తుంది. ముందు నీరు వచ్చే దారి మూయాలి, తరువాత గోడ ఆరాలి, ఆపైనే రంగు. చిన్న మచ్చ అయితే ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకొని, కిటికీలు తెరిచి సబ్బునీళ్లతో కడగవచ్చు. బ్లీచింగును యాసిడ్‌తో ఎన్నడూ కలపవద్దు, వెలువడే క్లోరిన్ వాయువు ప్రమాదకరం. పాత ఇంట్లో రంగు గీయిస్తుంటే మరో జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలైంది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎక్కువ ఉండవచ్చు. గోడను తడిపి గీయించండి, ఆ రోజు పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచవద్దు.

కొనబోయేవారికి

తనిఖీ చేయించవద్దని నేననను. చేయించండి, కాని డబ్బు కట్టేముందు "మీరు చూడనివి ఏవి?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. బాత్రూమ్ నీరు పోయే రంధ్రం మూసి, నేల మీద రెండు మూడు అంగుళాల నీరు నింపి, 24 గంటలు ఉంచి, కింది అంతస్తు స్లాబును, పక్క గోడలను చూడమనండి. ఇది తాపీమేస్త్రీలందరికీ తెలిసిన పరీక్షే, పరికరం అక్కరలేదు. వీలైతే ఇంటిని ఎండలో ఒకసారి, గట్టి వాన కురిసిన మర్నాడు ఒకసారి చూడండి. కింది ఇంటివారి తలుపు తట్టి "మీ స్లాబు నుండి ఎప్పుడైనా నీరు కారిందా అండీ?" అని అడగండి. అమ్మేవారు చెప్పనిది వారు చెబుతారు. ఒకే గదికి మాత్రం కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి.

పగుళ్ల విషయంలో వెంట్రుకంత సన్నవి చాలావరకు ప్లాస్టరింగువే. తలుపు, కిటికీ మూలల నుండి ఏటవాలుగా పోయే పగులు, వెడల్పయ్యే పగులు వేరు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది గనుక ఆ నేలల మీది ఇళ్లలో ఇవి తరచు వస్తాయి. పగులు కొనల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. అది దాటితే ఇంజనీరును పిలవండి.

బోరు నీటిని పరీక్ష చేయించకుండా ఇల్లు కొనవద్దు. నల్లగొండ జిల్లావారికి ఇది నేను చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు. కరెంటు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో, దాని టెస్టు బటన్ నొక్కితే సరఫరా ఆగుతుందో లేదో చూడండి. గ్యాసు గీజరు మూసిన బాత్రూమ్‌లో ఉంటే బయటికి మార్పించండి. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

లోపం బయటపడితే

2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం, ఇల్లు అప్పగించిన 5 సంవత్సరాల లోపు కట్టడంలో గాని పనితనంలో గాని లోపం కనిపించి మనం తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. రెండో చేతిగా కొన్నవారు కూడా అడగవచ్చు, కాని ఆ 5 సంవత్సరాలు మొదట అప్పగించిన తేదీ నుండే లెక్క. ఫోనులో చెప్పి ఊరుకోకండి. తేదీ వేసి, ఫోటోలు జతచేసి, రిజిస్టరు పోస్టులో పంపండి. తనిఖీ సంస్థ సేవలో లోపం ఉందనుకుంటే 2 సంవత్సరాల లోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. సలహా కోసం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఆ కుటుంబం ఇదే చేసింది. అపార్టుమెంటు అప్పగించి 5 ఏళ్లు కాలేదు గనుక బిల్డరు రెండో ఉత్తరానికి మనుషులను పంపి, బాత్రూమ్ నేల పగలగొట్టించి ట్రాప్ చుట్టూ మళ్లీ బిగించాడు. తనిఖీ సంస్థ నుండి మాత్రం ఇంతవరకు జవాబు లేదు. బాబు పడక హాలులోకి మార్చారు. అక్టోబరు తరువాత అతడు ఆయాసంతో ఆస్పత్రికి రాలేదు. ఇన్‌హేలర్ ఇంకా వాడుతున్నాడు. ఈ మధ్య చెకప్‌కు వచ్చినప్పుడు "గోడకు రంగు వేయించవచ్చా?" అని తల్లి అడిగారు. మేస్త్రీ ఏమన్నాడని అడిగాను. వచ్చే వేసవి దాకా ముట్టుకోవద్దన్నాడట.