చెరిపిన డిస్కులోని లెక్కలు తిరిగి వచ్చునా?



నూలు నిల్వ, మజూరి, రిబేటు లెక్కలు మొదలు జకార్డు డిజైన్ల వరకు మన సంఘములలో అన్నియు నేడు కంప్యూటరులోనికి చేరినవి. పుస్తకము చిరిగిన అతికించుకొందుము. డిస్కు చెరిగిన ఏమి చేయవలెనో మనలో చాలమందికి తెలియదు. నా చేతిమీదుగా తప్పు జరుగువరకు నాకును తెలియలేదు.

నిరుడు సేలములోని మా సంఘపు కంప్యూటరు మందగించినందున, విండోసు తిరిగి వేయ బూనితిని. ఆ డిస్కు 500 జీబీ. అందు రెండు భాగములు, అనగా పార్టిషన్లు, ఉండెను. డిజైన్లు రెండవ భాగములో నున్నవి. మజూరి లెక్క మాత్రము కంటి యెదుట నుండునని డెస్క్‌టాపుమీదనే ఉంచితిని. అది మొదటి భాగములోనిదని తలపునకు రాలేదు. తొందరలో రెండింటిని చెరిపి, ఒకే భాగముగా చేసి విండోసు వేసితిని. మరునాడు మజూరి బట్వాడా. అప్పుడు గాని నా తప్పు తెలియలేదు.

పార్టిషను చెరిపినంత మాత్రమున అందలి ఫైళ్లు పోవు. ఏ భాగము ఎచ్చట మొదలై ఎంతవరకున్నదో తెలుపు పట్టిక యొకటి డిస్కు మొదట నుండును. పాత పద్ధతిలో అది 64 బైట్లు మాత్రమే. జీపీటీ అను క్రొత్త పద్ధతిలో డిస్కు చివర దానికి మరియొక ప్రతి గూడ గలదు. మనము చెరుపునది ఆ పట్టికనే. గోడౌను తలుపుమీది జాబితా చింపిన లోని చీరెలు పోవు గదా! కాని ఆ చోటు ఖాళీయని క్రొత్త ఫైలు వ్రాసినచో, దాని క్రింది పాతది నశించును. దానిని ఏ సాధనమును తిరిగి తేలేదు.

కాబట్టి తప్పు తెలిసిన క్షణమున కంప్యూటరు ఆపివేయవలెను. ఇదియే ముఖ్యము. పిదప డిస్కును ఊడదీసి, వేరొక కంప్యూటరుకు తగిలించి, అంతకు తక్కువ కాని మరొక డిస్కుమీదికి మొత్తము నకలు తీయవలెను. వెదకుట యంతయు నకలుమీదనే. ఫ్రాన్సు దేశీయుడు క్రిస్టోఫ్ గ్రెనియే వ్రాసిన టెస్ట్‌డిస్క్ ఉచితముగా దొరకును. పోయిన పార్టిషన్ల సరిహద్దులను అది వెదకి చూపును. దానితో వచ్చు ఫోటోరెక్, ప్రతి రకపు ఫైలు తలకట్టున నుండు గుర్తును బట్టి ఫైళ్లను ఏరును. కాని వాటి పేర్లు రావు. దొరికినవానిని పాత డిస్కుమీద దాచరాదు.

రెండు హెచ్చరికలు. విండోసు విస్టా (2007) నాటినుండి పూర్తి ఫార్మాటు చేసిన డిస్కంతట సున్నలు వ్రాయబడును; అటుపై ఆశ లేదు. ఎస్‌ఎస్‌డీ రకపు డిస్కు చెరిపిన చోటును తానే శుభ్రము చేసికొనును గనుక, అందు ఆశ మిక్కిలి తక్కువ.

మా డిస్కులో విండోసు సుమారు 20 జీబీ మేర, మొదటి భాగముననే కూర్చుండెను. అందుచే డిజైన్లు పేర్లతో సహా దొరికినవి. మజూరి లెక్క దొరకలేదు. ఆరు మాసముల లెక్కను నేతగాండ్ర ఇండ్లలోని పాసుపుస్తకములు తెప్పించి, నాలుగు రాత్రులు కూర్చుండి తిరిగి వ్రాసితిమి. పుస్తకము లేని ముగ్గురి లెక్క వారి మాటమీదనే ఒప్పుకొంటిమి. ఆ ముగ్గురిలో ఒక్కరును ఎక్కువ చెప్పలేదు.

కార్యదర్శులకు నా మనవి. బట్వాడా ముగిసిన ప్రతి వారము లెక్కలను విడి డిస్కుమీదికి ఎత్తి, దానిని వేరొక యింట నుంచుడు. అదే డిస్కులోని రెండవ పార్టిషను నకలు క్రింద లెక్కకు రాదు. నెలకొకసారి కాగితముమీద అచ్చు తీయుడు. పాసుపుస్తకములో వ్రాయుట మాత్రము ఎన్నడును మానవద్దు.