పాత హవేలీలో బస: మెహమాన్ మర్యాద, వారసుల బాధ్యత

మన దేశంలో నేడు ఎందరో నవాబుల మహళ్లు, రాజుల కోటలు, వర్తకుల హవేలీలు హోటళ్లుగా మారిపోయాయి. ఒకప్పుడు పిలుపు లేనిదే గుమ్మం తొక్కడానికి వీలులేని గదులలో ఈనాడు కిరాయి చెల్లించిన వారెవరైనా హాయిగా నిద్రించవచ్చు. దీనిని చూసి సంతోషించే వారున్నారు, నిట్టూర్చే వారూ ఉన్నారు. ‘ఇల్లు నిలబడింది కదా, అదే పదివేలు’ అని ఒకరంటే, ‘తాతల పరువు సత్రం పాలైంది’ అని మరొకరంటారు. ఈ రెండు మాటలలో ఏది ఎంతవరకు సబబో ఆలోచించడం అవసరమని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఇది నవాబులకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. పాత ఇల్లు, పెద్ద కుటుంబం, పదిమంది వారసులు ఉన్న ప్రతిచోటా ఇదే ప్రశ్న తలెత్తుతుంది.

అప్పు తెచ్చిన అందం

ఉదాహరణకు మన హైదరాబాదులోని ఫలక్‌నుమానే తీసుకుందాం. చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, గుట్టమీద, నగరమంతా కంటికి ఆనేలా ఈ మహలు ఉంది. దీని పేరుకు రకరకాల అర్థాలు చెబుతుంటారు. ఫారసీలో ‘ఫలక్’ అంటే ఆకాశం, ‘నుమా’ అంటే చూపునది, అగుపించునది. దిక్కును చూపే సాధనానికి ‘కుతుబ్‌నుమా’ అనే పేరు వచ్చింది ఈ మాటతోనే. కనుక ఆకాశాన్ని చూపే ఇల్లు అన్నా, ఆకాశమువలె అగుపించే ఇల్లు అన్నా తప్పు లేదు.

దీనిని కట్టించింది నిజాం కాదు. పాయెగా వంశానికి చెందిన నవాబు సర్ వికారుల్ ఉమ్రా బహదూర్. ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు బావమరిది వరుస. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేశారు. 1884 మార్చి 3న పునాది రాయి పడింది. కట్టడానికి, అలంకరించడానికి కలిపి సుమారు తొమ్మిదేళ్లు పట్టింది. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అని తెలుగువారు ఊరికే అనలేదు. ఇంతటి నవాబుకు కూడా ఆ ఇల్లు మోయలేని బరువైంది. చివరకు 1890ల ఆఖరులో మహలు నిజాం చేతికి వెళ్లింది. నిజాంను అతిథిగా పిలిచారని, ఆయనకు ఇల్లు ఎంతో నచ్చిందని, వికారుల్ ఉమ్రా దానిని ఆయనకే సమర్పించగా నిజాం సొమ్ము చెల్లించి స్వీకరించారని పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు.

అటు తరువాత ఫలక్‌నుమా రాజ అతిథుల విడిది అయింది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూసింది కూడా ఇక్కడే. ఏడవ నిజాం కాలంలో దీని వాడకం క్రమంగా తగ్గింది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత తలుపులు దాదాపుగా మూతపడ్డాయి. ఆ మూత దశాబ్దాలు సాగింది. నిజాం వంశపు కోడలు ప్రిన్సెస్ ఎస్రా చొరవతో, తాజ్ హోటళ్లవారి చేతిమీదుగా 2000లో మరమ్మతులు మొదలై, పదేళ్లు సాగి, 2010 నవంబరులో 60 గదుల హోటలుగా మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల, ఇంగ్లాండులోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని చూసి చేసిన అక్రోటు కర్ర పైకప్పు గల పుస్తకాల గది, చలువరాతి మెట్లు అన్నీ నేడు చూడదగినవే. 2017 నవంబరులో విదేశీ అతిథులకు మన ప్రధానమంత్రి విందు ఇచ్చింది ఆ బల్ల మీదనే.

ఇల్లు మాట్లాడే మాటలు

ఇటువంటి ఇంట్లో బస చేసేవారు మంచాన్ని, పరుపును, షాండ్లియర్‌ను మాత్రమే చూసి వస్తే సగం చూసినట్టే. ఇంటి పొందిక చూడాలి. హైదరాబాదు ఉమ్రావుల ఇళ్లను ‘దేవ్‌డీ’ అనేవారు. నిజానికి ఆ మాటకు అర్థం గుమ్మం, వాకిలి. వాకిలి పేరే ఇల్లంతటికీ పేరయింది. ఎందుకంటే ఆ ఇంటి మర్యాద అంతా వాకిలి దగ్గరే తేలిపోయేది. ఎవరిని లోనికి రానివ్వాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది దర్బాను ఎరిగి ఉండేవాడు.

వాకిలి దాటితే మర్దానా. మగవారు కూర్చునే, బయటివారిని కలుసుకునే భాగమిది. దీవాన్‌ఖానా ఇక్కడే ఉంటుంది. దాని వెనుక సహన్, అనగా పైకప్పు లేని నడిమి ముంగిలి. కోస్తావారి మండువా లోగిలిని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సహన్ చుట్టూ స్తంభాల దాలాన్లు. ఇంకా లోపల జనానా. అక్కడ స్త్రీలకు తమదైన వాకిలి, తమదైన ముంగిలి, తమదైన ఆకాశం ఉండేవి. గోడలలో దీపాలకు తాఖ్‌లు, పైన వేడిగాలి పోవడానికి రోషన్‌దాన్లు, దాలాన్లకు చిల్మన్లు. ఎండాకాలం వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లితే లోపలికి చల్లని, కమ్మని గాలి వచ్చేది.

ఈ మాటలన్నీ ఉర్దూవే కదా అని తెలుగు పాఠకులు అనుకోనక్కరలేదు. మనం ‘గచ్చు’ అంటున్నది ఫారసీ ‘గచ్’ నుంచి వచ్చినదే. తెలంగాణలో నేటికీ తలుపును దర్వాజా అంటారు. జాగా, కిరాయి, మకాం, దివాణం అన్నవి ఇంటింటా వాడే మాటలు. ఇళ్లు కట్టిన మేస్త్రీలు, వడ్రంగులు, సున్నం కొట్టినవారు అన్ని కులాలవారు, మతాలవారు. వారి పనితోపాటు వారి మాటలు కూడా కలిసిపోయాయి.

హోటలు అయిన తరువాత ఈ పొందికలో ఒక మార్పు వస్తుంది. ఇల్లు ఎంతగా దాచుకున్న భాగమో అదే నేడు ఎక్కువ ధర పలికే భాగం. ఫలక్‌నుమాలో కూడా మహలు ముందుభాగం చూపు కోసం కట్టినది, కుటుంబం నివసించిన జనానా భాగం దాని వెనుక ఉంది. అక్కడ బస చేసేవారు తాము ఒకరి ఇంటి లోపలి గదిలో ఉన్నామన్న ఎరుకతో మెలగడం సంస్కారం.

గోడలకూ ఊపిరి ఉండాలి

పాత ఇళ్లు ఎందుకు చల్లగా ఉంటాయని చాలామంది అడుగుతారు. మందపు గోడ పగటి వేడిని ఆలస్యంగా లోనికి పంపుతుంది. ఎత్తైన కప్పు కింద వేడిగాలి పైకి చేరి రోషన్‌దాన్ గుండా బయటికి పోతుంది. వీటికి తోడు గచ్చు సున్నం. సున్నాన్ని గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నానిన నీరు వంటివి కలిపి, రోజుల తరబడి మాగనిచ్చి పూసేవారు. ఈ పూత గోడలోని తేమను బయటికి పోనిస్తుంది.

ఇక్కడే మనవారు తొందరపడుతుంటారు. పాత గోడ పెచ్చులూడగానే సిమెంటు పూసేస్తారు. సిమెంటు తేమను పోనివ్వదు. నీరు లోపలే నిలిచి, రాయినీ పాత సున్నాన్నీ తినివేస్తుంది. పైకి నున్నగా కనిపిస్తూనే గోడ లోలోపల గుల్లబారుతుంది. కనుక పాత ఇంటిని బాగుచేయదలచినవారు ముందుగా వెదకవలసింది సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని. ఆయన దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు పని నేర్చుకుంటే అదొక బతుకుతెరువు కూడా అవుతుంది.

నిలిచినవి, నిలవనివి

హోటలు చేయడం ఈనాటి ఆలోచన కాదు. జైపూరులోని రాంబాగ్ మహలు 1957లోనే హోటలు అయింది. ఉదయపూరు సరస్సులోని మహలు 1963లో అయింది. 1971లో రాజభరణాలు రద్దయిన తరువాత చాలా వంశాలకు ఇంతటి కట్టడాలను పోషించడం తలకు మించిన పని అయి, ఇదే దారి పట్టాయి. భోపాలులో జనరల్ ఒబైదుల్లా ఖాన్ కట్టించిన జహాన్‌నుమా మహలును ఆయన మనుమలే 1983లో హోటలుగా మార్చారు.

హోటలు ఒక్కటే మార్గమనీ అనలేము. చౌమహల్లాను నిజాం కుటుంబం బాగుచేయించి ప్రదర్శనశాలగా తెరవగా, 2010లో యునెస్కో వారసత్వ పురస్కారం లభించింది. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రాయే బేగంపేటలో కట్టించిన పాయెగా ప్యాలెస్ 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేటు కార్యాలయంగా ఉంది. పంజాగుట్ట వద్ద నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. పౌరులు కోర్టు మెట్లెక్కకపోతే ఆ ఇల్లు నేడు ఉండేది కాదు. ఇక రాయలసీమలో బనగానపల్లె నవాబుల బంగళా సంగతి చూడండి. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమా తరువాత జనం దానిని ‘అరుంధతి కోట’ అంటూ చూడబోతున్నారు. కట్టించినవారి పేరు కన్నా సినిమా పేరే మిగిలింది. వాడుకలో లేని ఇంటికి ఎవరు ఏ పేరు పెట్టినా కాదనే దిక్కుండదు.

ఇక ధర మాట. ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి బస మాబోటి మదర్సా ఉపాధ్యాయుల జీతానికి అందేది కాదు. ఒకప్పుడు ప్రయాణికుని కోసం మన పెద్దలు సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు కూడా కట్టించారని మరువరాదు. ఏడవ నిజాం కాలంలో నాంపల్లి రైల్వే స్టేషన్ ఎదుట కట్టిన సరాయి అటువంటిదే. మహలును కాపాడినంత శ్రద్ధగా సరాయిని కూడా కాపాడినప్పుడే మన మెహమాన్‌నవాజీ నిండుగా ఉంటుంది.

అక్కాచెల్లెళ్ల వాటా ఏమైంది?

మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడుంది. మన ఊళ్లలో పాత ఇళ్లు కూలడానికి వానలు, చెదలు కారణమని అంటారు. చాలాచోట్ల అసలు కారణం వారసుల తగాదా. తాత పోతాడు, తండ్రి పోతాడు, పంపకం జరగదు. ఇరవై ఏళ్లకు వాటాదారులు ముప్పైమంది అవుతారు. ఒకరు దుబాయిలో, ఒకరు షికాగోలో. పెంకు మార్చాలన్నా ఎవరి డబ్బు అన్న ప్రశ్న. చివరకు ఇల్లు కూలిపోతుంది, జాగా బిల్డరు పాలవుతుంది.

మరికొన్ని ఇళ్లలో ఇంకొక తీరు. ‘ఇది పూర్వీకుల నిశానీ, దీనిని ముక్కలు చేయరాదు’ అంటూ అన్నదమ్ములు ఇంటిని అట్టిపెట్టుకుంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ మాటల చాటున అక్కాచెల్లెళ్ల వాటా మాయమవుతుంది. షరీఅత్ కూతురికి నిర్ణయించిన భాగం ఆమె హక్కు. అన్నదమ్ములు దయతలచి ఇచ్చే కానుక కాదది. వారసత్వపు కట్టడం అన్న పేరుతో వారసురాలి హక్కును మింగడం న్యాయం కాదు. పండుగకు ఒక చీర పెట్టి వాటా తీరిపోయిందనుకునేవారు ఈ సంగతి బాగా ఆలోచించాలి.

ఇల్లు నిలవాలి, హక్కూ నిలవాలి అంటే దారి లేకపోలేదు. గోడలను పంచనవసరం లేదు, ఎవరి భాగమెంతో ముందుగా కాగితం మీద తేల్చుకోవాలి. తరువాత ఇల్లు ఉమ్మడిగా ఉంచి, దాని మీద వచ్చే కిరాయిని ఆ భాగాల ప్రకారం పంచుకోవచ్చు. మరమ్మతు ఖర్చు కూడా అదే లెక్కన భరించవచ్చు. ఉమ్మడి ఆస్తి ఆదాయం వాటాల చొప్పున అందరికీ చెందుతుందన్నది ఫిఖ్‌హ్ చదివినవారందరికీ తెలిసినదే.

ఇంతకూ ఆదాయం ఎక్కడిది అంటారా? కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో 1950కి ముందు కట్టిన హవేలీలు, కోటలు, మహళ్లు హెరిటేజ్ హోటళ్లుగా గుర్తింపు పొందవచ్చు. అంత పెద్ద ఇల్లు లేనివారికి అదే శాఖవారి హోమ్‌స్టే పద్ధతి ఉంది. ఒక్క గది మొదలు ఆరు గదుల వరకు అతిథులకు ఇవ్వవచ్చు, అయితే ఇంటివారు ఆ ఇంటిలోనే నివసిస్తూ ఉండాలి. ఈ నిబంధన మాకు ఎంతో నచ్చింది. ఇంటివారున్న చోటనే కదా వచ్చినవాడు మెహమాన్ అయ్యేది!

బసకు వెళ్లేవారికి ఒక మాట

ఇటువంటి ఇళ్లలో దిగేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకుంటే మంచిది. కిరాయి ఇచ్చింది గదికే కాని, ఇంటి గౌరవానికి కాదు. పాత గోడకు మేకు కొట్టడం, పేర్లు గీయడం, తడి చేతులతో పాత చిత్రాలను ముట్టడం తగదు. కట్టించినవారి పేరు అడగండి. ఏ ఏట కట్టారో అడగండి. వంటవాణ్ణి, మాలిని పలకరించండి. ఇంటిలో మూడు తరాలుగా పనిచేసిన కుటుంబాలు ఉంటాయి, పుస్తకాలలో లేని సంగతులు వారి నోట వినవచ్చు. పిల్లలను వెంట తీసుకెళ్లి, ఇది సహన్, ఇది దాలాన్, ఇది తాఖ్ అని వేలుపెట్టి చూపండి. ఆ మాటలు వారికి అందితే, రేపు తమ తాత ఇంటిలోని గూటిని కూడా వారు మరో కంటితో చూస్తారు.

మహలు కట్టినవారి వద్ద అది మిగలలేదు, కొన్నవారి వద్దా మిగలలేదు. ఇల్లు ఎవరికైనా అమానతే. మన చేతిలో ఉన్నంతకాలం దానిని చెడకుండా చూడడం, అందులో భాగమున్నవారికి వారి భాగం అందించడం మన పని. పాత ఇల్లు ఉన్న ప్రతి కుటుంబం ఈ వారమే ఒకచోట కూర్చుని, ఇంటి కాగితాలు తీసి, వాటాదారుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాలి. ఆ జాబితాలో అక్కాచెల్లెళ్ల పేర్లు మొదటి రోజునే ఉండాలి.