తల్లి లేని గున్న: బొగ్గు గనుల సీమలో అపోహలు, వాస్తవాలు

ఏనుగు పిల్లకు తెలుగులో గున్న అనే సొంత పేరు ఉన్నా, ఆ మాట ఇప్పుడు ఎక్కువగా గున్నమామిడి దగ్గరే వినబడుతోంది. రామగుండం, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల్లో తరాలుగా అడవి ఏనుగు అలికిడి లేకపోవడంతో, ఆ జంతువును గురించిన ఎరుక గుడి ముందు దీవించే ఏనుగు దగ్గర, పాతకాలపు సర్కసు దగ్గర, ఇటీవల ఫోన్ తెర మీద తిరిగే ముద్దు వీడియోల దగ్గర ఆగిపోయింది. తల్లి లేని గున్నను కాపాడి పెంచడం గురించి వినిపించే నమ్మకాల్లో చాలా భాగం జాలి నుంచి పుట్టినవే. అయితే ఆ జాలే గున్న ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు ఉన్నందువల్ల వాటిని పరిశీలించవలసి ఉంది.

అపోహ: బొగ్గు బెల్టుకూ ఏనుగుకూ సంబంధం లేదు.

రామగుండం ప్రాంతంలోని మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో స్టెగోడాన్ అనే జంతువు దంతాలు, దవడలు శిలాజాలుగా బయటపడ్డాయి. స్టెగోడాన్ నేటి ఏనుగుకు తాత కాదు, దాయాది. తొండం గల జంతువుల వంశంలో పక్క శాఖగా ఎదిగి అంతరించిపోయింది. దాని ఎముకలు బొగ్గు పొరలో దొరికాయనుకోవడం మాత్రం పొరపాటు, ఎందుకంటే గోదావరి లోయ బొగ్గు డైనోసార్లకన్నా ముందు కాలపు అడవుల నుంచి ఏర్పడింది, అప్పటికి పాలిచ్చే జంతువులే పుట్టలేదు. స్టెగోడాన్ అవశేషాలు ఆ బొగ్గును కప్పి ఉన్న, ఎంతో తరువాతి కాలపు మట్టిలోనివి. బొగ్గు తీయడానికి ముందు తొలగించే ఆ పైమట్టినే గని కార్మికులు ఓబీ మట్టి అంటారు.

వర్తమానపు సంబంధం ఇంకా దగ్గరిది. 2021 చివరలో ఒక అడవి ఏనుగుల గుంపు ఛత్తీస్‌గఢ్ మీదుగా మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు చేరింది. 2024 ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఒంటరి మగ ఏనుగు ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చి, చింతలమానెపల్లి మండలం బూరెపల్లిలో ఒక రైతును, మరునాడు పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో మరో రైతును చంపి, తరువాత నది దాటి వెళ్లిపోయింది. సింగరేణి వారి గోలేటి గనులున్న జిల్లా అదే. నదికి ఆవల, తెలుగు మాట్లాడే సిరోంచ ప్రాంతపు అటవీ డివిజన్‌లో, కమలాపూర్ వద్ద మహారాష్ట్ర అటవీశాఖ ఏనుగుల శిబిరం ఎంతో కాలంగా నడుస్తోంది. వీటికి తోడు ఇప్పుడు ఉద్యోగరీత్యా కూడా ఒక బంధం ఏర్పడింది: 2015లో సింగరేణికి కేటాయించిన నైనీ బొగ్గు బ్లాకులో 2025 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, ఆ గని ఉన్న ఒడిశాలోని అంగుల్ జిల్లా ఏనుగుల నెలవు. గోదావరిఖని నుంచి అక్కడికి బదిలీ మీద వెళ్లిన ఉద్యోగికి పొలం గట్టు మీద గున్న ఎదురుపడితే ఆశ్చర్యపోవలసింది లేదు.

అపోహ: ఒంటరిగా కనిపించిన గున్న అనాథే, వెంటనే ఎత్తుకొని రావాలి.

ఏనుగుల గుంపు అంటే తల్లులు, పినతల్లులు, అక్కలు, వారి పిల్లలతో కూడిన కుటుంబం. వయసులో పెద్దదైన ఆడ ఏనుగు దానికి దారి చూపుతుంది. గున్న కాలువలోనో కందకంలోనో చిక్కుకున్నప్పుడు, మనుషుల కేకలకు బెదిరిన గుంపు కొంత దూరం జరిగి, చీకటి పడేదాకా చెట్ల చాటున నిలబడి ఉండడం మామూలే. అందువల్ల మొదటి కొన్ని గంటల్లో చేయవలసిన పని గున్నను తాకడం కాదు, జనాన్ని వెనక్కి పంపి, కుక్కలను కట్టేసి, అటవీ సిబ్బందికి కబురు పెట్టడం. గున్నతో సెల్ఫీ తీసుకునేవారికి దాని తల్లి యాభై గజాల దూరంలోనే ఉండవచ్చునన్న సంగతి తట్టదు. 2023 డిసెంబర్‌లో తమిళనాడులోని ఆనైమలై పులుల అభయారణ్యంలో తప్పిపోయిన గున్నను సిబ్బంది వెంటనే శిబిరానికి తరలించకుండా, డ్రోన్ల సాయంతో గుంపును వెతికి కలిపారు. ఆ తరువాత తల్లిని ఆనుకొని నిద్రపోతున్న ఆ గున్న ఫొటో దేశమంతా తిరిగింది.

మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి మళ్లీ దగ్గరకు తీయదనే నమ్మకం పక్షి పిల్లల నుంచి పులి పిల్లల దాకా అన్నిటి విషయంలోనూ వినిపిస్తుంది. సిబ్బంది చేతుల మీదుగా తల్లిని చేరిన ఆనైమలై గున్న ఉదంతమే దానికి జవాబు. తాకడం తప్పనిసరైనప్పుడు వీలైనంత తక్కువమంది తాకి, మనిషి వాసన తగ్గేలా గున్న ఒంటికి మట్టి గానీ ఏనుగు పేడ గానీ పూసి వదలడం అనుభవజ్ఞుల పద్ధతి. అయితే కలపడం ప్రతిసారీ సాధ్యమవుతుందనుకోవడం కూడా అపోహే. 2024లో కోయంబత్తూరు దగ్గరి మరుదమలై అడవిలో జబ్బుపడిన తల్లికి వైద్యం జరిగి అది కోలుకున్నా, గున్నను తిరిగి చేర్చుకోలేదు. ఎన్నో ప్రయత్నాల తరువాత గున్నను ముదుమలైలోని తెప్పకాడు ఏనుగుల శిబిరానికి పంపవలసి వచ్చింది. తెలుగు నేల మీద ఇలాంటి వైఫల్యం పులుల విషయంలో నమోదైంది: 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురంలో దొరికిన నాలుగు పులి పిల్లలను తల్లితో కలపడానికి అడవిలో చేసిన ప్రయత్నం ఫలించక, వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు.

అపోహ: ఆకలిగా ఉన్న గున్నకు ఆవుపాలో గేదెపాలో పట్టిస్తే ప్రాణం నిలుస్తుంది.

కాపాడిన గున్నల మరణాలకు ఈ నమ్మకం కూడా ఒక కారణం. పుట్టిన గున్న సుమారు 100 కిలోల బరువుతో, మూడు అడుగుల ఎత్తుతో దృఢంగా కనిపించినా, దాని పేగులు పసికందు పేగులే. ఏనుగు పాలలోని కొవ్వుకు, పశువుల పాలలోని కొవ్వుకు నిర్మాణంలోనే తేడా ఉంది: ఏనుగు పాల కొవ్వులో కాప్రిక్, లారిక్ ఆమ్లాలు, అంటే మధ్యస్థ గొలుసుల కొవ్వు ఆమ్లాలు ఎక్కువ కాగా, వెన్నకొవ్వులో పొడవాటి గొలుసులు ఎక్కువ, వాటిని గున్న అరిగించుకోలేదు. కెన్యాలో అనాథ గున్నలను పెంచిన డాఫ్నీ షెల్డ్రిక్ ఇరవై ఏళ్లకు పైగా ఒక గున్న తరువాత మరో గున్నను పోగొట్టుకుంటూ చేసిన ప్రయత్నాల ఫలితంగా తేలిన రహస్యం చివరకు కొబ్బరినూనె, ఎందుకంటే అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. పాల కొవ్వు తీసిన పసిపిల్లల పాలపొడిలో కొబ్బరినూనె కలిపిన మిశ్రమంతోనే అక్కడ పసిగున్నలు బతకడం మొదలైంది. శాస్త్రం ఇంత దూరం తిరిగి వచ్చి చేరిన చోటు వంటింటి అల్మారా కావడం గమనించదగ్గది; అలాగని ఇంట్లో ఉన్న కొబ్బరినూనెను ఆవుపాలలో కలిపి పట్టించడం మరో ప్రమాదం.

సరైన పాలు దొరికినా అపాయం తప్పిందని చెప్పడానికి వీలు లేదు. 2023 మార్చిలో తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో బావిలో పడిన సుమారు నాలుగు నెలల గున్నను కాపాడి తెప్పకాడు చేర్చితే, అనుభవం గల మావటులు, వైద్యులు చూసుకుంటున్నా అది రెండు వారాల్లో అజీర్తితో, విరేచనాలతో చనిపోయింది. తల్లిపాలతో పాటు అందే రోగనిరోధక శక్తి ఏ డబ్బాలోనూ దొరకదు. గున్నలు గుంపులోని పెద్ద ఏనుగుల పేడను తినడం చూసి అసహ్యించుకునేవారికి తెలియని సంగతి ఏమంటే, ఆకులు, గడ్డి అరిగించే సూక్ష్మజీవులు వాటి కడుపులోకి చేరేది ఆ దారినే. వీటికి తోడు ఏనుగుల్లో ఒక రకం హెర్పిస్ వైరస్ ఉంది. పెద్దవాటిలో నిద్రాణంగా ఉండే అది కొన్ని గున్నలలో రక్తనాళాలను దెబ్బతీసి, లక్షణాలు బయటపడిన ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు. గున్న చనిపోగానే సాకినవారిపై నింద వేయడం అందుకే న్యాయం కాదు.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏనుగు ఒంటికి చెమట పట్టదు. గున్న మండే ఎండలో తల్లి కడుపు కింది నీడలో నడుస్తుంది. రామగుండం వేసవి ఎలాంటిదో ఎరిగినవారికి, తల్లి లేని గున్నను లారీలో పట్టపగలు తరలించడం ఎందుకు ప్రమాదమో వివరించనక్కరలేదు.

అపోహ: గున్న తొండంతో పాలు తాగుతుంది.

తాగదు. తొండాన్ని పైకి మడిచి, తల్లి ముందుకాళ్ల మధ్య ఉన్న పొదుగును నోటితో పట్టుకుంటుంది. తొండం వాడకం దానికి నెలల తరబడి నేర్చుకోవలసిన విద్య. తొండంలో పాలు పోయాలని చూసేవారు ఊపిరి ఆడే దారిలో పాలు పోస్తున్నారన్నమాట.

అపోహ: ప్రేమగా చూసుకునే ఒక్క మనిషి ఉంటే చాలు.

షెల్డ్రిక్ పెంపకంలోని ఆయిషా అనే గున్న ఆమెకే పూర్తిగా అలవాటుపడి, ఆమె కొన్నాళ్లు ఊరు వెళ్లగా తిండి మాని చనిపోయింది. అప్పటినుంచి నైరోబీలోని ఆమె కేంద్రంలో సంరక్షకులు గున్నల పక్కనే పడుకుంటూ, వంతులవారీగా మారుతూ, ఏ గున్నా ఒకే మనిషికి అతుక్కుపోకుండా చూస్తున్నారు. పసిగున్నకు రాత్రి పగలు తేడా లేకుండా మూడు గంటలకొకసారి పాలు పట్టాలి, అది కూడా నెలలు కాదు, సంవత్సరాలు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టుగా బతుకు గడిచే గోదావరిఖని పాఠకులకు ఈ పని స్వభావం ఇతరులకన్నా తొందరగా అర్థమవుతుంది. ఇది ఒక మనిషి మమకారంతో జరిగేది కాదు, వంతు మారినా పని ఆగని వ్యవస్థతో జరిగేది.

పెంచినది అడవికి వెళ్తుందా అన్నది పెంచే పద్ధతినిబట్టి ఉంటుంది. శ్రీలంకలో 1975లో మొదలైన పిన్నవల అనాథాశ్రమంలోని ఏనుగులు మనుషుల మధ్యే ఉండిపోయాయి. అదే దేశంలో 1995లో ఏర్పడిన ఉడవలవె కేంద్రం మనుషులతో స్పర్శను పాలు పట్టే వేళలకే పరిమితం చేసి, గున్నలను ఒకదానికొకటి తోడుగా పెంచి, నూటికి పైగా అడవిలోకి వదిలింది. అస్సాంలో కాజీరంగా దగ్గర 2002లో మొదలైన పునరావాస కేంద్రమూ ఈ రెండో దారిలోనే నడుస్తూ గున్నలను మానస్ అడవులకు చేరుస్తోంది. 2023లో ఆస్కార్ పొందిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీ చూసి, అందులోని రఘు అనే గున్న ఎప్పటికైనా అడవికి వెళ్తుందనుకున్నవారు చాలామంది. తెలుగువారు గణనీయంగా ఉన్న హోసూరు, డెంకణికోట అడవుల్లో 2017లో తల్లిని పోగొట్టుకొని దొరికిన ఆ గున్నను బొమ్మన్, బెల్లి దంపతులు పెంచిన తీరు గొప్పదే, కాని అది శిబిరపు ఏనుగుగా పెంచడం. అలా పెరిగినవాటిలో కొన్ని కుంకీలు, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన ఏనుగులు అవుతాయి. 2025 మేలో కర్ణాటక ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన ఏనుగులు కుంకీలే.

అడవిలో దొరికిన గున్నను గుడికి ఇస్తే పుణ్యమనే మాటకు చట్టంలో చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏనుగు మొదటి షెడ్యూలులోని జంతువు, అడవి గున్న ప్రభుత్వ ఆస్తి. దొరికినవారు 48 గంటల్లో అధికారులకు తెలియజేయాలి.

అపోహ: గున్నలను అనాథలను చేసేది దంతాల వేటగాళ్లే.

ఆసియా ఏనుగుల్లో ఆడవాటికి బయటకు కనిపించే పెద్ద దంతాలు ఉండవు, కాబట్టి దంతాల కోసం వేటాడేది మగ ఏనుగులనే. గున్నకు దిక్కు ఆడ ఏనుగు. ఆ ఆడ ఏనుగులను చంపుతున్నవాటిలో ముఖ్యమైనది కరెంటు. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం పసుకుడి వద్ద పొలాల మీదుగా వెళ్తున్న నాలుగు ఏనుగులు విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలి చనిపోయాయి. అదే ఏడాది మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లిలో పొలానికి అక్రమంగా పెట్టిన కరెంటు తీగకు మూడు ఆడ ఏనుగులు బలికాగా, వాటి రెండు గున్నలు శవాల దగ్గరే తిరుగుతూ ఉండిపోయాయి; అటవీ సిబ్బంది వాటిని వెంటనే శిబిరానికి తరలించకుండా, అడవిలోని ఏనుగులతో కలిసేలా మళ్లించేందుకు కాపు కాశారు. మంచిర్యాల, పెద్దపల్లి, ఆసిఫాబాద్ జిల్లాల్లో అడవి పందుల కోసం రాత్రిపూట అమర్చే తీగలు కూడా ఇలాంటివే. వాటికి పందితో పాటు పులీ, పశువూ, తెల్లవారుజామున పొలానికి వెళ్లే రైతూ బలవుతున్నారు. అలాంటి తీగ కంటపడినప్పుడు దాన్ని తాకకుండా విద్యుత్ సిబ్బందికి, అటవీ బీటు అధికారికి ఆ రాత్రే చెప్పాలి.