శుభం కార్డు పడ్డాక...

సినిమా పేరు చెప్పను. తీసినవాళ్లు మంచివాళ్లే, నాకు పరిచయస్తులే. కానీ ఆ రోజు నరసరావుపేటలో మ్యాట్నీ సగంలో మా అక్క లేచి బయటికి వచ్చేసింది.

తెరమీద అప్పుడేం జరుగుతోందో మీరు ఊహించగలరు. హీరోగారి తల్లి దగ్గింది. చేతిరుమాలు తీసి చూసుకుంది. ఎర్రటి మరక! వెనకాల వయొలిన్లు ఒక్కసారిగా ఏడ్చాయి. డాక్టరుగారు కళ్లజోడు తీసి, "చేయి దాటిపోయింది బాబూ" అన్నారు. హాలంతా ముక్కులు చీదుకుంటుంటే, మా అక్క చీకట్లో చెప్పులు వెతుక్కుంటోంది.

పరుగున వెనకే వెళ్లాను. సోడా బండి దగ్గర నిలబడి ఉంది.

"ఏందిరా ఈ సినిమావోళ్లు! ఈ జబ్బొస్తే చావటం తప్ప ఇంకో పని చేతకాదా మాకు?" అంది.

నవ్వుతూనే అంది. కానీ సోడా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

అన్నట్టు, మీకు చెప్పలేదు కదూ. మా అక్కది గురజాల. మూడేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, మా వైపు వాళ్లు చెప్పినట్టు 'కరెంటు పెట్టడం' కూడా అయింది. జుట్టు మళ్లీ వచ్చింది. రోజూ ఓ మాత్ర, ఆరు నెలలకోసారి గుంటూరులో చెకప్. అంతే. మా దృష్టిలో కథ సుఖాంతం, శుభం కార్డు పడిపోయింది. లైట్లు వేశారు, మేమంతా లేచి ఇళ్లకి పోయాం.

అక్క మాత్రం ఇంకా హాల్లోనే కూర్చుని ఉందని ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు!

పౌరుషాల గడ్డమీద భయమా?

పల్నాడు అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? 1947 'పల్నాటి యుద్ధం'లో బాలచంద్రుడిగా కత్తి దూసిన అక్కినేని గుర్తొస్తారు. నాయకురాలు నాగమ్మగా 1947లో కన్నాంబ, 1966లో భానుమతి చూపించిన దర్పం గుర్తొస్తుంది. కారెంపూడిలో వీరులకి ఇప్పటికీ తిరునాళ్లు చేసే గడ్డ ఇది. ఇక్కడ పుట్టినవాళ్లు దేన్నయినా ఒప్పుకుంటారు గానీ, 'నాకు భయమేస్తోంది' అని మాత్రం ఒప్పుకోరు. ఆడవాళ్లయినా అంతే.

ఆ రాత్రి మేడమీద పడుకున్నప్పుడు అక్క నోరు విప్పింది.

మిరపకోతలప్పటి నుంచి ఎడమ భుజం నొప్పిగా ఉందట. ఆపరేషన్ అయిన వైపే. ఇరవై రోజులైంది. ఎముకల్లోకి పాకిందేమోనని ఒకటే దిగులు. పగలు కళ్లంలో పని ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. రాత్రి అందరూ నిద్రపోయాక మొదలవుతుంది. స్నానం చేస్తూ చేస్తూ కుట్టు చుట్టూ తడుముకోవడం, చంకలో వెతుక్కోవడం, రెండో వైపు వెతుక్కోవడం. తలనొప్పి వస్తే మెదడుకి వచ్చిందని, దగ్గొస్తే ఊపిరితిత్తుల్లోకి వచ్చిందని. 

"మరి ఎవరికీ చెప్పలేదేంటక్కా?"

"నీకే చెప్పాగా! సంక్రాంతికి వొచ్చినప్పుడు, 'మళ్లీ వొచ్చిద్దేమోరా' అన్నా. నువ్వేమన్నావు? 'నీకేంటక్కా, నయమైపోయిందిగా, పిచ్చి ఆలోచనలు మానుకో' అన్నావు. ఇంకేం చెప్తాను?"

పాఠకులారా, పదేళ్లుగా సినిమావాళ్లని ప్రశ్నలడిగి పొట్టపోసుకుంటున్నవాణ్ని. ఎదుటి మనిషి మాట మధ్యలో తుంచెయ్యకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. తారల దగ్గర పాటించిన ఆ మర్యాద సొంత అక్క దగ్గర పాటించలేకపోయాను.

ఇంకో సంగతి కూడా ఉంది. మా మేనకోడలు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. 'ఆ ఇంట్లో ఆ జబ్బుందంట' అంటే రేపు సంబంధాలు వస్తాయా అని అక్క బెంగ. అందుకని బావకీ చెప్పలేదు, పిల్లకీ చెప్పలేదు. బెంగ మీద బెంగ!

గుంటూరు ప్యాసింజర్

మర్నాడు గురజాల వెళ్లాం. ఆ మరుసటి రోజు ముగ్గురం గుంటూరు రైలెక్కాం, అక్కా, మేనకోడలూ, నేనూ. నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి దాటినంతసేపూ అక్క కిటికీలోంచి బయటికే చూసింది. సత్తెనపల్లి వచ్చినప్పుడు, "ఇదేగా మన బ్రహ్మానందం వైపు ఊరు" అని నవ్వించబోయాను. నవ్వలేదు.

ఆస్పత్రిలో భుజానికి పరీక్షలు చేసి, సాయంత్రం దాకా ఆగమన్నారు. ఆగడం! ఏ పెద్ద దర్శకుడూ ఇంతవరకు సరిగ్గా తీయలేకపోయిన సన్నివేశం అది. సంగీతం ఉండదు. బెంచీ, ఫ్యాను, గోడ గడియారం, అంతే.

అప్పుడు మా మేనకోడలు ఒక పని చేసింది. ఫోన్ తీసి వాళ్లమ్మకి ఒక ఫొటో చూపించింది. నున్నటి గుండుతో, తల ఎత్తి నవ్వుతున్న అందమైన అమ్మాయి.

"ఎవరో చెప్పుకోమ్మా!"

అక్క చాలాసేపు చూసింది. "ఈ పిల్ల... 'మిర్చి'లో పాటకి ఆడిందే?"

అవును, హంసానందిని! 'ఈగ', 'మిర్చి', 'అత్తారింటికి దారేది'లో మీరంతా చప్పట్లు కొట్టిన తార. 2021లో రొమ్ములో గడ్డ తగిలింది. పరీక్షిస్తే గ్రేడ్ మూడు క్యాన్సర్ అన్నారు. అంతకు పద్ధెనిమిదేళ్ల ముందు వాళ్లమ్మని పొట్టనబెట్టుకున్నదీ ఇదే జబ్బు. ఆపరేషన్ అయ్యాక జన్యుపరీక్షలో బీఆర్‌సీఏ1 అనే లోపం బయటపడింది. దాని అర్థం ఏమిటో 2021 డిసెంబర్‌లో ఆమే లోకానికి చెప్పింది. జీవితకాలంలో మరోసారి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు నూటికి డెబ్భై, అండాశయాల్లో వచ్చే అవకాశం నూటికి నలభై అయిదు. అప్పటికి తొమ్మిది కీమోలు అయ్యాయి, ఇంకా ఏడు ఉన్నాయి. అందరూ దాచుకునే లెక్కని ఆమె పేరుతో సహా, ఫొటోతో సహా చెప్పేసింది! ఏడాది తిరిగేసరికి, 2022 డిసెంబర్‌లో, మళ్లీ సెట్ మీదికి వచ్చింది.

"అమ్మా, నువ్వు నా పెళ్లి గురించి దాస్తున్నావని నాకు తెలుసు" అంది మా మేనకోడలు. "ఈమె దాయలేదుగా!"

అక్క మాట్లాడలేదు. ఫోన్ మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట. హంసానందిని లెక్క అందరి లెక్కా కాదు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. ఇది అంటుజబ్బు కాదు. ఆ ఇంటి పిల్లని చేసుకోవడానికి భయపడాల్సిన పనీ లేదు. ఇంట్లో చాలామందికి వచ్చినా, చిన్న వయసులోనే వచ్చినా, జన్యుపరీక్ష గురించి డాక్టరుని అడగాలి. అంతే.

ముందు నడిచిన అక్కలు

వీళ్లందరికంటే ముందు గౌతమి ఉంది. 1987లో 'శ్రీనివాస కళ్యాణం'లో వెంకటేష్ పక్కన కనిపించిన మన తెలుగమ్మాయే. ముప్ఫై అయిదేళ్ల వయసులో, తన రొమ్ములో గడ్డని తనే గుర్తుపట్టింది. చికిత్స చేయించుకుంది, పాపని పెంచుకుంది, క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ల కోసం సొంతంగా ఒక ఫౌండేషన్ పెట్టింది. 2016లో 'మనమంతా'లో మధ్యతరగతి ఇల్లాలిగా ఆమెని చూసి ఎవరికైనా జాలి కలిగిందా? లేదు. నటన నచ్చింది, అంతే. జబ్బు నుంచి బయటపడ్డ మనిషికి అంతకంటే మర్యాద ఏముంటుంది!

సరే, అందరికీ భయం ఉత్తిదే అవుతుందా అంటారేమో. అవదు. నిజం చెప్పాలి. 'యమదొంగ' నాయిక మమతా మోహన్‌దాస్ సంగతే చూడండి. ఆమెది రొమ్ము క్యాన్సర్ కాదు, లింఫోమా. ఒకసారి తగ్గింది, 2013లో తిరగబెట్టింది. భయపడ్డదే జరిగింది! కానీ కథ అక్కడ ఆగలేదు. మళ్లీ చికిత్స చేయించుకుంది, మళ్లీ నటించింది. 2023లో 'రుద్రంగి'లో మన తెలుగు తెరమీదే కనిపించింది.

మన సినిమాల్లో మాత్రం ఆ రెండో సగం ఉండదు. 1981లో 'ప్రేమాభిషేకం' చూసి ఏడవని తెలుగువాడు లేడు. క్యాన్సర్ సోకిన ప్రేమికుడిగా అక్కినేని మనల్ని కన్నీటిలో ముంచారు. అదే అక్కినేని 2013 అక్టోబర్‌లో నిజంగానే ఆ జబ్బు వస్తే, విలేకర్లని పిలిచి తనే నిబ్బరంగా చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. 'మనం' ఆ తర్వాత మే నెలలో విడుదలైంది. తెరమీద పాత్ర కంటే తెరవెనక మనిషే గట్టివాడు!

చిట్టా పుస్తకం

ఇంతకీ సాయంత్రం ఏం చెప్పారంటారా? ఎముకలో ఏమీ లేదు. ఆపరేషన్ తర్వాత రోజూ చెయ్యమన్న చేతి కసరత్తు అక్క మానేసింది. దానికి తోడు మిరపకాయల గంపలు ఎత్తింది. భుజం కీలు బిగుసుకుంది. అంతే!

ఇరవై రోజుల నరకం, 'అంతే' అన్న ఒక్క ముక్కతో తేలిపోయింది.

అక్కడున్న నర్సమ్మ అక్కని కూర్చోబెట్టి చెప్పిన మాటలు మీ ఇంట్లోవాళ్లకీ పనికొస్తాయి. కొత్త నొప్పి వస్తే తేదీ వేసి పుస్తకంలో రాయండి. రెండు వారాల్లో తగ్గితే కొట్టెయ్యండి. తగ్గకపోయినా, ఎక్కువవుతున్నా చెకప్ తేదీ దాకా ఆగకుండా వచ్చెయ్యండి. కొత్తగా గడ్డ తగిలినా, ఆయాసం వచ్చినా, ఊరికే బరువు తగ్గుతున్నా రెండు వారాలు కూడా ఆగొద్దు.

"నెలకోసారి స్కానింగ్ తీయించుకుంటే దిగులుండదుగా?" అని నేనడిగాను. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. ఏ బాధా లేనివాళ్లకి ఊరికే స్కానింగులు తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని ఇటలీలో జరిగిన పరిశోధనల్లో 1994లోనే తేలిందట. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చెయ్యిపెట్టి చూడాలి, తర్వాత క్రమంగా ఏడాదికోసారి చాలు. ఏడాదికోసారి మమోగ్రామ్ తప్పనిసరి. ఇచ్చిన మాత్ర అయిదేళ్లు, కొందరు పదేళ్లు కూడా వాడాలి. భయంతో మానెయ్యకూడదు, ధైర్యం వచ్చిందనీ మానెయ్యకూడదు.

మరి భయం? అది పూర్తిగా పోదట. ఈ భయం మీదే ఆస్ట్రేలియాలో ఒక చికిత్స తయారుచేసి, దాని ఫలితాలు 2017లో ప్రకటించారు. భయాన్ని తరిమెయ్యడం అందులో లేదు. అది వచ్చినప్పుడు దాని వెంటపడి పోకుండా మనసుని ఇవతలికి మళ్లించుకోవడం సాధన చేయించారు. చాలామందికి బరువు తగ్గింది.

మా అక్క తన పద్ధతి తను కనిపెట్టుకుంది. మిరపకాయల లెక్క రాసే చిట్టా పుస్తకంలోనే వెనక పేజీలు కేటాయించింది. 'నడుంనొప్పి, 4వ తారీకు'. పక్కనే, 'పోయింది, 9'. 'తలనొప్పి, 17'. 'పోయింది, 18, ఎండకి'. మొన్న చూపించింది. కొట్టివేతలే ఎక్కువ. రాత్రి దిగులు మొదలైతే బావని లేపుతోందట. బావ 'ఏం కాదులే' అనడు. లేచి కూర్చుని, "చెప్పు" అంటాడట. నేను మూడేళ్లలో నేర్చుకోలేనిది, చదువు రాని మా బావ ఒక్క రాత్రిలో నేర్చుకున్నాడు.

వచ్చే నెల మళ్లీ చెకప్. ముందువారం నుంచే అక్కకి అన్నం సయించదు, నాకు తెలుసు. భుజం కసరత్తు మాత్రం రోజూ చేస్తోంది, తలుపు మీద వేళ్లు పాకించుకుంటూ పైకి, ఇంకా పైకి.

నిన్న ఫోన్ చేసింది. "గుంటూరు పని అయిపోయినాక సినిమాకి పోదామా?" అంది.

"పోదాం. ఏ సినిమా?"

"ఏదైనా సరే. ఎవురూ దగ్గని సినిమా చూడు!"