విత్తనం అమ్ముకున్న సన్‌రైజర్స్!

మాది అనంతపురం జిల్లా. వేరుశనగ ఇల్లు. ఎంత కష్టమొచ్చినా విత్తనం కాయలు అమ్మకూడదంటాడు నాన్న. నా కాలేజీ ఫీజు కోసం ఒక్క ఏడాది అమ్మేశాడు. వాన పడ్డాక అప్పుచేసి, ఎక్కువ ధరకి మళ్లీ కొన్నాం.

2024 అక్టోబరులో సన్‌రైజర్స్ రిటెన్షన్ లిస్టు చూడగానే నాకు అదే గుర్తొచ్చింది. క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్, హెడ్‌లకి చెరో 14, మన వైజాగ్ కుర్రాడు నితీశ్‌కి 6. మొత్తం 120 కోట్లలో 75 అక్కడే అయిపోయాయి. 2014 నుంచి మనతో ఉన్న భువీ పేరు మాత్రం లేదు! జెడ్డా వేలంలో బెంగళూరు 10.75 కోట్లకి ఎగరేసుకుపోయింది. మనోళ్లు షమీని 10 కోట్లకి తెచ్చుకున్నారు.

తర్వాతేమైంది? 2025 తొలి మ్యాచ్‌లోనే 286 కొట్టారు. నేను ఎగిరి గంతేశా. ఆ వెంటనే వరుసగా నాలుగు ఓటములు, చివరికి ఆరో స్థానం. షమీకి 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లు. భువీకి 17, పైగా చేతిలో కప్పు.

నవంబరులో షమీని ట్రేడ్‌లో లక్నోకి ఇచ్చేశారు. డిసెంబరులో అబుదాబి వేలానికి 25.50 కోట్లతో వెళ్లి, అందులో 13 కోట్లు లివింగ్‌స్టన్‌కే పెట్టారు. మళ్లీ హిట్టరే! బౌలింగ్ సంగతి?

ఇదంతా నాన్నకి చెప్పా. ఆయన నవ్వలేదు.

"మాకంటే గతిలేక అమ్ముకున్నాం. అంత డబ్బున్నోళ్లకి ఏమొచ్చింది రా?" అన్నాడు.